పాలిపోతుంటే ముచ్చటపడ్డాం

గురజాలలో మా మేడ మీదికి ఎవరొచ్చినా ముందు ఆగేది చారల అనాస దగ్గరే. ఫొటో తీసుకునేదీ దాన్నే. ఆ మొక్క బాగా ఆకలితో ఉన్న నెలల్లో అయితే ఇంకాస్త ఎక్కువసేపు ఆగారు, ఇంకా ఎక్కువ ఫొటోలు తీసుకున్నారు. ఈ సంగతి తెలిశాక నేను మొక్కల్ని చూసే తీరు కొంత మారింది. మెప్పును వినే తీరు ఇంకొంచెం ఎక్కువ మారింది.

ముందు మొక్క గురించి. మనం ముక్కలు కోసి ఉప్పూ కారం చల్లుకు తినే పైనాపిల్‌కి ఇది దూరపు చుట్టమేం కాదు, అదే జాతి, అనానాస్ కొమోసస్. కాకపోతే ఆకు నిండా పచ్చదనం ఉండదు. నడుమ పచ్చ పట్టీ, రెండంచులా మీగడ రంగు, వెలుతురు బాగా తగిలితే ఆ మీగడ మీద గులాబి జీర, అంచు పొడుగునా రంపపు ముళ్ళు. దీని పేరుతోనే నర్సరీల్లో ఇంకొకటి కూడా అమ్ముతారు, అనానాస్ బ్రాక్టియేటస్. దాని కాయ ఎర్రగా వస్తుంది, ముళ్ళు మరీ మొండివి. మొక్కల ఆటోవాళ్ళకి ఆ తేడాలేమీ పట్టవు, రెండూ 'షో పైనాపిల్లే'.

మా ఇంటికి ఇది వచ్చింది అలాంటి ఆటోలోనే. కడియం, కడియపులంక నర్సరీల్లో పెరిగిన మొక్కలు ఆటోలెక్కి, మైకులో ధరలు చెప్పుకుంటూ నరసరావుపేట, పిడుగురాళ్ళ, మాచర్ల వీధులన్నీ తిరుగుతాయి. గోదావరి ఒండ్రులో, కొబ్బరి చెట్ల నీడలో, గాలి నిండా తేమ ఉన్నచోట కళ్ళు తెరిచిన మొక్క తీరా దిగేది మా పల్నాడులో. రెంటచింతల మాకు పక్క మండలమే. మే నెలలో టీవీలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ ఎక్కడంటే తరచూ ఆ ఊరి పేరే చెబుతారు. అక్కడ 45 డిగ్రీలు దాటిందంటే మాకెవరికీ కొత్తగా ఉండదు.

అందరూ ఎండకే భయపెట్టారు. తీరా చూస్తే పేచీ మా నేలతో వచ్చింది.

పల్నాడు కింద ఉన్నది సున్నపురాయి. పిడుగురాళ్ళ అంటే సున్నం బట్టీలు. మాచర్ల, దాచేపల్లి వైపు వెళితే సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ళ క్వారీలు. మా మేడ మీద పరిచినవీ మాచర్ల బండలే. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర గడుతుంది, గీకినా ఒక పట్టాన ఊడిరాదు. మొక్కని పెట్టింది కొత్త సిమెంటు తొట్టిలో, దానికి సంక్రాంతికి బయటంతా సున్నం. తొట్టిలో పోసింది చేలోంచి తెచ్చిన మట్టి. ఇంకో మాటలో చెప్పాలంటే రాయి, నీరు, కుండ, మట్టి నాలుగూ సున్నమే.

అనాసకి ఇవేవీ గిట్టవు. మన రాష్ట్రంలో దాన్ని పంటగా వేసేది అల్లూరి జిల్లా కొండల మీదా, పార్వతీపురం మన్యంలో సీతంపేట వైపూ. వానలు దండిగా పడి సున్నమంతా కడుక్కుపోయిన ఎర్ర నేలలవి. నేల పులుపు కొలిచే పీహెచ్ లెక్కలో అనాసకి హాయిగా ఉండేది 4.5 నుంచి 5.5 దాకా. సున్నపు నేలల్లో అది 8కి అటూ ఇటూ ఉంటుంది. అలాంటి మట్టిలో ఇనుము లేక కాదు, ఉంటుంది. కానీ వేరు తాగలేని రూపంలో బిగుసుకుపోయి ఉంటుంది. ఇనుము అందకపోతే ఆకు పచ్చదనాన్ని తయారుచేసుకోలేదు. కొత్తాకులు వెలిసిపోయి వస్తాయి.

మామూలు మొక్క అయితే అది ఎవరి కంటైనా పడేది. మందారం పాలిపోతే పక్కింటావిడ గోడ మీంచే చెబుతుంది. చారల మొక్క పాలిపోతే చార పెరిగిందనుకుంటారు. నడుమ పట్టీ ముదురు పచ్చ నుంచి లేత పచ్చకీ, అక్కణ్ణుంచి నిమ్మ రంగుకీ దిగుతుంటే అంచుల మీగడ దాంట్లో కలిసిపోయి మొక్కంతా మెరుస్తున్నట్టు ఉండేది. హైదరాబాదు నుంచి వచ్చిన మా ఆడపడుచు, ఇంత తెల్లటిది నర్సరీలో కూడా చూళ్ళేదంది. చూసి ఉండదు మరి.

పట్టుకున్నది మా మరిది. దుర్గి దగ్గర షేడ్‌నెట్ కింద మిరప నారు పెంచుతాడు. కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలో లక్షల మొక్కలు. ఏ ట్రేలో ఏ మూల రంగు తగ్గిందో నడుస్తూనే చెప్పగలడు. పండక్కి వచ్చి మేడెక్కి, కూర్చోకముందే అన్నాడు: "ఇది చార కాదు వదినా, పాలిపోయింది. దీనికి అన్నభేది కొట్టాలి."

ఎలా చెప్పావంటే ఒక పాతాకునీ ఒక కొత్తాకునీ పక్కపక్కన పట్టి చూపించాడు. పాతాకులో పచ్చ ఎక్కడ ఆగిందో, మీగడ ఎక్కడ మొదలైందో గీత స్పష్టంగా ఉంది. వేలు పెట్టి ఇదిగో ఇక్కడ అనొచ్చు. కొత్తాకులో ఆ గీత లేదు, పచ్చదనం నీరుగారి అంచుల్లోకి జారిపోయింది. పుట్టుచారకి హద్దుంటుంది, ఆకలికి హద్దుండదు. ఇంకో గుర్తు, పాతాకులు బాగుండి కొత్తవే వెలిసిపోవటం. మొక్క తన ఒంట్లోని ఇనుముని పాతాకుల నుంచి తీసి చిగురుకి పంపలేదు. అందుకే ఇనుము కరువు ముందు లేతాకు మీదే కనపడుతుంది. నత్రజని కరువైతే ఇందుకు తలకిందులు, పాతాకులు ముందు పసుపెక్కుతాయి. మిరపలో అతను రోజూ చూసే సంగతే ఇది.

బడిలో బయాలజీ చెప్పిన దాన్ని నేను. అంచు తెల్లగా ఉందంటే అక్కడ పచ్చదనం తయారుచేసే యంత్రం పాడైందనీ, ఒకే మొక్కలో రెండు రకాల కణాలు పక్కపక్కన కాపురం చేస్తుంటే దాన్ని కైమిరా అంటారనీ బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేదాన్ని. తెలియాల్సింది అంతకంటే చిన్న లెక్క. మీగడ రంగు భాగం తన తిండి తాను వండుకోలేదు. దాన్ని సాకుతున్నది నడుమనున్న పచ్చ పట్టీ. ఒకడి జీతం మీద నలుగురు బతికే ఇల్లు అది. ఆ ఒక్కడి జీతానికీ మా సున్నం కోత పెడుతోంది. ఇంటికి సోకొచ్చిందని మేం సంబరపడుతున్నాం.

ఆకు ద్వారా ఇనుము పెట్టటం అనాసకి పాత వైద్యమే. హవాయి దీవుల్లో మాంగనీసు ఎక్కువున్న నేలల్లో అనాస తోటలు పసుపెక్కిపోతుంటే, ఐరన్ సల్ఫేటు నీళ్ళు ఆకుల మీద చల్లితే తేరుకుంటాయని జాన్సన్ అనే ఆయన 1916లో రాశాడు. మనకి అది అన్నభేది, ఎరువుల కొట్లో చవగ్గా దొరుకుతుంది. వాళ్ళ నేలలో మాంగనీసు అడ్డం పడింది, మా నేలలో సున్నం. వేరు దగ్గర దారి మూసుకుపోవటం మాత్రం ఒకటే. అలాంటప్పుడు ఆకు దారి వాడుకోవచ్చనిపించేలా ఉంటుంది అనాస ఒడ్డూ పొడుగూ. దోనెల్లాంటి ఆకులు చుట్టూ పైకి లేచి, వాటి మీద పడ్డ వాన, మంచు అంతా మొదట్లోకి జారుతుంది. ఆకు మొదళ్ళ దగ్గర నిలిచిన నీళ్ళనూ, అందులో కరిగిన పోషకాలనూ మొక్క పీల్చుకోగలదు.

మరిది చెప్పిన మోతాదు వేరుశనగకి కొట్టేదే. లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. నిమ్మ ఉప్పు ఎందుకంటే అది లేకపోతే అన్నభేది నీళ్ళలోనే తుప్పు రంగుకి తిరిగి పనికి రాకుండా పోతుంది. బోరు నీళ్ళలో కలిపితే మరీ తొందరగా. సాయంత్రం పూట, చల్లబడ్డాక కొట్టమన్నాడు. కలిపింది ఏ పూటకా పూటే వాడాలి. ఇంకో మాట కూడా చెప్పాడు, అది మిరప ఇళ్ళలో వాళ్ళు వినాల్సింది. తెగులు మందు డబ్బాలు మన పంచన ఎప్పుడూ ఉంటాయి కదా, చేతికందిందని కాపర్ ఆక్సీక్లోరైడ్ దీని సుడిలో పోయకు అన్నాడు. అనాస కుటుంబానికి రాగి పడదు. పుల్ల మజ్జిగ పోస్తే నేల పులుస్తుందని మా వీధిలో కొందరి నమ్మకం. సున్నపు తొట్టిలో మజ్జిగ ఎంతసేపు పులుపుగా ఉంటుందో వాళ్ళే చెప్పాలి.

మందు ఆకుకి తాత్కాలికం. తొట్టి మార్చటమే అసలు పని. మరిది షేడ్‌నెట్‌లో మిగిలిన కొబ్బరిపొట్టు, ఆకులు చివికిన ఎరువు, కాస్త ఎర్రమట్టి కలిపి ప్లాస్టిక్ కుండీలోకి మార్చాను. అనాస వేళ్ళు లోతుకి పోవు, వెడల్పు కుండీ చాలు. కుండీలో బతకటం దానికి కొత్తేం కాదులెండి. మొక్కల్ని పాత్రల్లో పెట్టుకుని ప్రయాణాల్లో వెంట తీసుకుపోయేవారనీ, అలాగే కాయలు కాసేవనీ ఐన్-ఇ-అక్బరీలోనే ఉంది. పోర్చుగీసువాళ్ళు అమెరికా నుంచి తెచ్చిన మొక్క అక్బరు కాలానికే అంత మాలిమి అయింది.

ఇక నీళ్ళు. ఎండాకాలంలో వాననీళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలి? ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టాను. గాల్లోని తేమే నీరై కారుతుంది కాబట్టి దాంట్లో సున్నం ఉండదు. ఇందులోనూ పల్నాటి వేళాకోళం ఒకటుంది. వడగాలి కొట్టే రోజుల్లో, మొక్కకి నీళ్ళు కావాల్సినప్పుడు, గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి బకెట్లో సగం కూడా పడవు. తొలకరి పడ్డాక ఉక్కపోతలో పొంగిపొర్లుతుంది. అప్పుడు ఎవరిక్కావాలి? అందుకని ఆ రోజుల్లో డ్రమ్ములో వాననీళ్ళు పట్టి, మూత పెట్టి దాచటం మొదలుపెట్టాం. సాగర్ కుడికాలవ నీళ్ళయినా నయమే, బోరు కంటే.

అన్నభేది తర్వాత వచ్చిన ఆకులు పచ్చబడ్డాయి. వెలిసిపోయిన ఆకులు పూర్తిగా తేరుకోలేదు, వాటి మీద మచ్చలు మచ్చలుగా రంగు తిరిగింది. మేడ మీదికి వచ్చినవాళ్ళు మాత్రం పెదవి విరిచారు. "అదేంటక్కా, తెలుపు తగ్గిపోయిందే?" అంది ఎదురింటావిడ. మొక్క బాగుపడుతుంటే పరామర్శలు మొదలయ్యాయి. నిజానికి మీగడ అంచు ఒక్క రవ్వ కూడా తగ్గలేదు. దాని పక్కన పచ్చదనం పచ్చగా కనపడుతోంది, అంతే.

ఎండ లెక్క కూడా ఈ పట్టీతోనే ముడిపడింది. తెల్లటి భాగానికి ఎండ నుంచి కాచుకునే రంగు తక్కువ, మాడితే ముందు అదే మాడుతుంది. అలాగని నీడలోకి నెడితే పచ్చ పట్టీకి పని చేసుకునే వెలుతురు చాలదు, అంచు గులాబి జీరా పోతుంది. కడియంలో పొద్దస్తమానం బయట ఉంచినా బతికేది, ఇక్కడ మార్చి నుంచి జూన్ దాకా సగం ఎండ ఆపే పచ్చ నెట్ కింద, తూర్పు వైపు, పొద్దుటెండ తగిలేచోట ఉండాలి. మాచర్ల బండ మీద నేరుగా పెట్టకూడదు. మధ్యాహ్నం మూడింటికి ఆ బండ మీద మనమే కాలు మోపలేం. రెండు ఇటుకలు పేర్చి పైన పెట్టాలి.

మే నెలలో అది అసలు పెరగదు. పెరగట్లేదని నీళ్ళు, ఎరువులు పోసేవాళ్ళని చూశాను. దీని ఊపిరి రాత్రిపూట. ఆకు రంధ్రాలు పగలు మూసుకుని, చీకటి పడ్డాక తెరుచుకుంటాయి. అప్పుడు పీల్చిన గాలిని పుల్లటి ఆమ్లంగా దాచుకుని, తెల్లారాక తలుపులేసుకుని వంట చేసుకుంటుంది. నీరు ఆదా చేసే తెలివి. ఈ తెలివిని పసిగట్టిన తొలి మనుషుల్లో ఒకడు మన గోదావరి గట్టున తిరిగినవాడే. వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్ళాక సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ మొక్కల తోట చూసిన బెంజమిన్ హైన్. రణపాల ఆకు పొద్దున నమిలితే పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటోందని ఆయన రాసిన ఉత్తరాన్ని లండన్‌లో లినయన్ సొసైటీవాళ్ళు 1815లో అచ్చువేశారు. రణపాల మా పెరట్లోనూ ఉంది, నేనూ కొరికి చూశాను. పొద్దుటి పులుపు నాలిక మీద తెలిసిపోతుంది. అనాసదీ అదే పద్ధతి. దానికి చల్లటి రాత్రి కావాలి. మేలో మా మేడ మీద అర్ధరాత్రి కూడా బండ వేడిగానే ఉంటుంది. రాత్రి చల్లబడకపోతే పీల్చుకునేదీ తక్కువే, పగలు వండుకునేదీ తక్కువే. ఆ నెల దాని జోలికి పోకుండా, సుడి ఎండిపోకుండా చూసుకుంటే చాలు. మూడోరోజుకి మందు పని కనపడాలనే మిరప ఇంటి అలవాటు దీని దగ్గర చెల్లదు.

తర్వాత అది పూసింది. నడుమ గులాబి రంగు మొగ్గ లేచి, దాని మీద చిన్న చిన్న ఊదా పూలు కింది నుంచి పైకి వరసలు వరసలుగా విచ్చుకున్నాయి. చిన్న కాయ వచ్చింది. తినొచ్చు, అయినా ఎవరూ కొయ్యనివ్వలేదు. కాయ వేశాక తల్లి నెమ్మదిగా తగ్గిపోతుంది, అరటిలాగే. మొదట్లోంచి పిలకలొస్తాయి.

పిలకల దగ్గర ఇంకో పేచీ. ఒకే తల్లికి వచ్చినవి ఒక్కలా లేవు. ఒకటి తల్లిలాగే చారలది. ఒకటి పూర్తి పచ్చ, చార అన్నదే లేదు. ఇంకొకటి దాదాపు తెల్లటిది, పచ్చ దారం లాంటి గీత తప్ప. రెండు రకాల కణాల కాపురం కాబట్టి పిలక ఏ రకం కణాల్లోంచి మొలిస్తే ఆ పోలిక. పచ్చది తక్కిన రెండింటినీ దాటి దూసుకుపోయింది. దాన్ని అలాగే వదిలేస్తే కుండీని అదే ఆక్రమిస్తుంది, కొన్నాళ్ళకి చారల మొక్క ఉండేదన్న సంగతే మిగలదు. చార నిలవాలంటే బలమైన పిలకని తీసెయ్యాలి. ఎక్కడైనా నారు ఏరేటప్పుడు బలమైనదాన్ని ఉంచుతారు, పీలగా ఉన్నదాన్ని పీకుతారు. ఇక్కడ మన చెయ్యి అందుకు తలకిందులుగా పని చెయ్యాలి. అది నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు. అందుకని పచ్చదాన్ని పారెయ్యకుండా వేరు కుండీలోకి మార్చాను.

తెల్లదాన్ని చూసి ముచ్చటపడనివాళ్ళు లేరు. అది నాకివ్వండంటే నాకివ్వండని. ఇవ్వలేదు. తల్లికి అతుక్కుని ఉన్నంతకాలం తల్లి పచ్చదనం మీద బతుకుతుంది, కోసిన రోజు నుంచి దాని వంట అది చేసుకోలేదు. తల్లి ఉన్నన్నాళ్ళూ ఉంది, తల్లితోపాటే వడిలింది. కోసి పంచి ఉంటే నాలుగు వారాల ముందే వెళ్ళేది, పైగా తీసుకున్నావిడ నీళ్ళు పోయటం తనకి చేతకాలేదనుకునేది.

మరిది పచ్చ పిలకనే అడిగి తీసుకెళ్ళాడు. చారల మీద ఆశ ఉంటే కదా అనుకున్నాను. కానీ ఆ తర్వాత ఒక ఆలోచన చేశాడు. మిరప నారు పని వానాకాలంలో కొన్ని నెలలే, మిగతా కాలం షేడ్‌నెట్‌లో చాలా చోటు ఖాళీగానే ఉంటుంది. ఒక మూలన షో మొక్కలు పెడితే ఎలా ఉంటుందని కడియం వెళ్ళి చారల అనాసలు తెచ్చాడు. కొబ్బరిపొట్టు ఉంది, నెట్ ఉంది, అన్నభేది ఎప్పుడూ ఉంటుంది. మొక్కలు బాగానే ఉన్నాయి. అమ్మకం దగ్గర మాత్రం మా ఇద్దరికీ మాట పడట్లేదు.

"ఎక్కువ తెల్లగా ఉన్నవే ముందు పోతున్నాయి వదినా. ఎండాకాలం తిరక్కముందే వాళ్ళే మళ్ళీ వస్తున్నారు, చచ్చిపోయిందని." అందుకని అతను అలాంటివాటిని వెనక వరసలో పెట్టేశాడు. అడిగినా అమ్మనంటాడు. మిరప నారు అమ్మేవాడికి, ఇచ్చిన మొక్క చేలో నిలవకపోతే ఊళ్ళో తలెత్తుకోలేని పని. ఆ పౌరుషం అతనిది. నేనేమో అమ్మెయ్యమంటాను, కాకపోతే ఇచ్చేముందు నడుమ పట్టీ మీద వేలు పెట్టి, దీన్ని బతికించేది ఇదీ, ఇది పాలిపోతే మీ అంచు కూడా ఉండదని చూపించమంటాను. కొనేవాళ్ళు అంతసేపు నిలబడి వింటారా అంటాడు. కొందరు వింటారంటాను. పోయిన వారం వెళ్ళినప్పుడు వెనక వరసలోంచి రెండు తెల్లవి ముందుకి జరిపి ఉన్నాయి. ఎవరు జరిపారంటే కుర్రాళ్ళని చూపించాడు.